భూమిలోని సహజ విద్యుత్తు – ఖనిజాన్వేషణ చరిత్ర

భూమిలో దాగిన ధనమును త్రవ్వక ముందే చూడవలెనను కోరిక నేటిది కాదు. అంజనము వేసి పాతరలోని నిధిని చూపుదుమను వారి కథలు మన పల్లెలలో విననివారుండరు. బావి త్రవ్వించుటకు ముందు, వేపపుల్ల చేతబట్టి గాని, అరచేతిలో కొబ్బరికాయ నిలిపి గాని నీటిజాడ చెప్పువారిని పిలుచు ఆచారము ఇప్పటికిని మాసిపోలేదు. వారు చెప్పినచోట నీరు పడినచో ఆ వార్త పది ఊళ్ళకు ప్రాకును. పడనిచో ఎవరును చెప్పుకొనరు. చేసిన అప్పు మాత్రము రైతుకు మిగులును.

గనులు త్రవ్వువారి కష్టము కూడ ఇట్టిదే. రాతిలో వందల మీటర్ల లోతునకు రంధ్రము వేయుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. ఎక్కడ వేయవలెనో తెలియక వేసిన రంధ్రములు ఎన్ని వట్టిపోయిన, అంత సొమ్ము మట్టిపాలు. అందుచేత పైనుండియే లోపలి సంగతి తెలిసికొను మార్గములను శాస్త్రజ్ఞులు వెదకిరి. వానిలో ఒక మార్గము విచిత్రమైనది. దానికి బ్యాటరీతో గాని, డైనమోతో గాని భూమిలోనికి విద్యుత్తును పంపనక్కరలేదు. ప్రకృతి తానే ఎల్లవేళల పంపుచున్న విద్యుత్తును, అయస్కాంత కదలికలను కొలిచిన చాలును. మొదట గనులలో ఒక వింతగా కనబడి, తరువాత తంతివారికి తలనొప్పిగా తయారైన ఈ సహజ విద్యుత్తు, ఖనిజాన్వేషకుని చేతిలో సాధనమగుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథయే ఈ వ్యాసము.

గనిగోడలలో విద్యుత్తు

ఇంగ్లండు దేశపు నైరుతి మూలనున్న కార్న్‌వాల్ ప్రాంతము రాగికి, తగరమునకు ప్రసిద్ధి. అక్కడి ఫాల్మత్ పట్టణవాసి రాబర్ట్ వేర్ ఫాక్స్ (1789–1877) గనులలో లోతునకు పోవుకొలది వేడిమి ఎట్లు పెరుగునో కొలుచుటలో ఆసక్తి గలవాడు. విద్యుత్ప్రవాహము అయస్కాంతసూచిని కదలించునని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అయిర్‌స్టెడ్ 1820లో కనుగొనెను. ఆ సంవత్సరముననే గాల్వనామీటరు పుట్టినది. ఫాక్స్ ఈ కొత్త పరికరమును గనిలోనికి తీసికొనిపోయెను. ఖనిజపు సిరలో ఒకచోట ఒక రాగిరేకును, దూరముగ మరియొకచోట మరియొక రేకును అదిమి, రెంటిని తీగలతో గాల్వనామీటరునకు కలిపెను. సూచి కదలెను. బ్యాటరీ లేకయే తీగలో విద్యుత్తు ప్రవహించినది! ఈ పరిశీలనలను అతడు 1830లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను.

ఈ విద్యుత్తు ఎక్కడిది? రాగి, ఇనుము, సీసము వంటి లోహములు గంధకముతో కూడియున్న ఖనిజములను సల్ఫైడులందురు. వీనిలో పెక్కింటిగుండ విద్యుత్తు సులభముగ పోగలదు. అట్టి ఖనిజరాశి నిలువుగ భూమిలో నున్నదనుకొందము. దాని తల, వానగాలుల ప్రాణవాయువు తగులు నీటిలో నుండును. దాని పాదము, ప్రాణవాయువు చేరని లోతునీటిలో నుండును. ఇట్లు రెండు కొనలు రెండు విధములైన రసాయన పరిస్థితులలో ఉండుటచేత, ఖనిజరాశి మొత్తము ఒక పెద్ద బ్యాటరీవలె పనిచేయును. ఎలక్ట్రానులు ఖనిజముగుండ క్రిందినుండి పైకి పోవును. చుట్టునున్న తడిరాతిగుండ వలయము పూర్తియగును. అందువలన ఖనిజమునకు సరిగా పైనున్న నేలమీద విద్యుద్విభవము ఋణముగ, ఒక్కొక్కచోట కొన్ని వందల మిల్లీవోల్టుల వరకు, కనబడును. దీనికి స్వయంవిభవమని పేరు. కాని ఈ వివరణను సాటో, మూనీ అను శాస్త్రజ్ఞులు స్పష్టముగ చెప్పినది 1960లో. ఫాక్స్ చూచినదానికి సరియైన కారణము దొరకుటకు 130 సంవత్సరములు పట్టినదన్నమాట.

ఇందులో మరియొక చిక్కు కలదు. రాగిరేకును తడినేలలో గుచ్చినచో, ఆ రేకునకు తడికి నడుమనే కొంత విద్యుత్తు పుట్టును. సూచి కదలినప్పుడు అది ఖనిజము మాటయో, రేకు మాటయో తెలియదు. 1880 తరువాత అమెరికాలోని నెవాడా వెండిగనులలో కార్ల్ బారస్ చేసిన పరిశోధనలు ఈ చిక్కును విడదీయుటకు తోడ్పడినవి. నేడు ఈ పనికి వాడు సాధనము మన వంటింటి ముంతను తలపించును: నీరు మెల్లగ ఊరు మట్టిపాత్రలో మైలుతుత్తపు ద్రావణము పోసి, అందులో రాగికడ్డీ ఉంచెదరు. ద్రావణము నేలకు తగులును గాని లోహము తగులదు. అందుచే రేకు చెప్పు అబద్ధము తొలగిపోయినది.

తంతి కార్యాలయములలో అలజడి

స్వయంవిభవము ఖనిజముననే పుట్టు విద్యుత్తు. ఇంతకంటె ఎంతో విశాలమైన మరియొక సహజ విద్యుత్తు కలదు. దానిని మొదట పట్టుకొన్నవారు గనివారు కారు, తంతివారు.

ఇంగ్లండులో మిడ్‌లాండ్ రైల్వే వారి తంతి తీగలను పర్యవేక్షించుచుండిన ఇంజనీరు విలియం హెన్రీ బార్లో 1847లో ఒక వింతను గమనించెను. ఎవరును వార్త పంపకున్నను తంతి సూచులు వాటంతట అవే కదలుచుండెను. ఆకాశమున ఉత్తరధ్రువ కాంతులు వెలిగిన రాత్రులలో ఈ అలజడి మితిమీరుచుండెను. బార్లో డెర్బీ పట్టణమునుండి పోవు తీగల రెండు కొనలను భూమికి కలిపి ఓపికగా పరిశీలించెను. ఉత్పాతములు లేని దినములలో సైతము తీగలలో స్వల్పమైన విద్యుత్తు ఉండుననియు, అది పగటికి రాత్రికి దిక్కు మార్చుకొనుననియు కనుగొని 1849లో ప్రకటించెను. ఈతడే తరువాత లండనులోని సెయింట్ పాంక్రాస్ రైల్వేస్టేషను యొక్క సుప్రసిద్ధమైన ఇనుపకప్పును నిర్మించినవాడు.

పది సంవత్సరములు గడచినవి. 1859 సెప్టెంబరు 1వ తేదీన సూర్యబింబము మీద తీవ్రమైన వెలుగొకటి తటాలున మెరయుట ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ చూచెను. పదునెనిమిది గంటలైనను గడవకముందే భూమి అంతట అయస్కాంతసూచులు చలించిపోయినవి. తంతి తీగలలో పుట్టిన విద్యుత్తు పలుచోట్ల పనిని స్తంభింపజేసెను. అమెరికాలో బాస్టన్, పోర్ట్‌లాండ్ పట్టణముల తంతివారు ఒక ఉపాయము చేసిరి. బ్యాటరీలు తీసివేసి, ప్రకృతి పంపిన విద్యుత్తుతోనే సుమారు రెండు గంటలసేపు వార్తలు పంపుకొనిరి!

ఆ మహాతుఫాను జాడ మన దేశములో కూడ పదిలముగ నిలిచినది. బొంబాయిలోని కొలాబా పరిశీలనాశాలలో 1841 నుండి భూఅయస్కాంతత్వమును కొలుచుచుండిరి. మామూలు దినమున అక్కడి అయస్కాంతబలము కొన్ని పదుల నానోటెస్లాలు మాత్రమే హెచ్చి తగ్గుచుండును. 1859 సెప్టెంబరు 2న అది సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినది. సూర్యుని తుఫానుల తీవ్రతను అంచనా కట్టు శాస్త్రజ్ఞులు నేటికిని కొలాబా లెక్కలనే తిరుగవేయుచున్నారు.

కారణము ఆకాశమున, ప్రతిధ్వని భూమిలో

భూమిలోని ఈ విద్యుత్తునకు, ఆకాశమునకు ఏమి సంబంధము? మారుచున్న అయస్కాంతక్షేత్రము దగ్గరనున్న వాహకములో విద్యుత్తును పుట్టించునని ఫారడే 1831లో చూపియుండెను. మన తలపైన 100 కిలోమీటర్లకు మించిన ఎత్తున సూర్యకిరణముల తాకిడికి గాలి విద్యుద్వాహకమగును. అక్కడ ప్రవహించు విద్యుత్తు దినమంతయు మారుచుండును. అది మారినకొలది భూమిమీద అయస్కాంతక్షేత్రము మారును. దానివలన భూమిలో విద్యుత్తు పుట్టును.

ఇది ఊహ మాత్రమే కాదని ఆర్థర్ షూస్టర్ 1889లో నిరూపించెను. భూమిమీద కొలిచిన అయస్కాంతక్షేత్రములో ఎంత భాగము పైనుండి వచ్చినదో, ఎంత భాగము లోపలినుండి వచ్చినదో విడదీయు గణితమార్గమును జర్మను మహాగణితజ్ఞుడు గౌస్ అంతకు యాభై ఏండ్ల క్రిందటనే చూపెను. షూస్టర్ దానిని వినియోగించి, దినదినము జరుగు మార్పునకు ముఖ్యకారణము పైననున్నదనియు, భూమిలో పుట్టిన విద్యుత్తు దానికి ప్రతిధ్వనివలె తోడగుచున్నదనియు తేల్చెను. ప్రతిధ్వనిని బట్టి గుహ ఎట్టిదో చెప్పవచ్చును. అట్లే ఈ విద్యుత్ప్రతిధ్వనిని బట్టి భూగర్భము ఎట్టిదో చెప్పవచ్చునను ఆశ అప్పుడు మొలకెత్తినది.

ట్రాములకు జడిసిన పరిశీలనాశాల

ఇంతలో మనుష్యుడు తన విద్యుత్తును తానే పుట్టించుకొన మొదలిడెను. అందువలన ప్రకృతి విద్యుత్తును వినుట కష్టమయ్యెను. దీనికి మన కొలాబాయే మంచి నిదర్శనము. బొంబాయి నగరమున గుఱ్ఱపు ట్రాములకు మారుగ విద్యుత్తు ట్రాములు రానున్నవని తెలిసినప్పుడు, వాని విద్యుత్తు తన సూక్ష్మపరికరములను చెడగొట్టునని పరిశీలనాశాల అధ్యక్షుడు నానాభాయ్ మూస్ గ్రహించెను. అంతట సముద్రమునకు ఆవలి ఒడ్డున, నగరమునకు దక్షిణముగ నున్న ఆలీబాగును ఎన్నుకొనిరి. అయస్కాంతగుణము లేని పోరుబందరు రాతితో కట్టిన గదులలో 1904లో అక్కడ కొలతలు మొదలైనవి. పాత లెక్కలకు కొత్త లెక్కలకు సంబంధము తెగకుండుటకై 1906 వరకు రెండుచోట్లను ఏకకాలమున కొలిచిరి. తరువాతనే కొలాబాలో పని ఆపిరి. ఈ ముందుచూపు వలన 1841 నుండి నేటివరకు తెగని వరుస మనకు దక్కినది.

ష్లుంబెర్జే సోదరులు

సహజ విద్యుత్తును ఖనిజాన్వేషణకు క్రమబద్ధముగ వినియోగించినవారిలో ఫ్రెంచివాడు కొన్రాడ్ ష్లుంబెర్జే (1878–1936) ముఖ్యుడు. ఇతడు పారిసులోని గనుల విద్యాలయమున భౌతికశాస్త్రము బోధించుచుండెను. 1912లో నార్మండీలోని తమ కుటుంబపు తోటలో, నేలలోనికి తానే విద్యుత్తును పంపి అది ప్రాకు తీరును పటము గీసెను. మరుసటి ఏడు సెర్బియాలోని బోర్ రాగిగనుల వద్ద విద్యుత్ పద్ధతిని ప్రయోగించి విజయము పొందెను. ఇనుప ఖనిజమును అయస్కాంతసూచితో వెదకుట అంతకుముందే ఉన్నది. అయస్కాంతగుణము లేని ఖనిజమును సైతము నేలమీదనుండి పసికట్టవచ్చునని తేలుట కొత్త సంగతి. ఫాక్స్ చూచిన స్వయంవిభవమును కూడ కొన్రాడ్ తన సాధనములలో చేర్చుకొనెను. తమ్ముడు మార్సెల్ (1884–1953) ఇంజనీరు. ఇరువురును కలిసి స్థాపించిన సంస్థ తరువాత చమురుబావుల పరీక్షలో జగత్ప్రసిద్ధమైనది.

తీగలతో నేలలో కొలతలు తీయుచున్నప్పుడు ష్లుంబెర్జేలకు గూడ బార్లోకు ఎదురైన చిక్కే ఎదురైనది. తాము పంపని విద్యుత్తు సూచిని కదలించుచుండెను. దీనిని తోసివేయుటకు బదులుగ 1930 తరువాత దానినే పనికి పెట్టిరి. ఒకచోట స్థిరముగ ఒక పరికరమును ఉంచి, మరియొక పరికరమును ఊరూర త్రిప్పుచు, రెండింటను ఒకే క్షణమున కొలిచి పోల్చిరి. వాహకశక్తి గల పొరలు మందముగ నున్నచోట నేలమీది విభవభేదము తక్కువగను, పలుచగ నున్నచోట ఎక్కువగను ఉండును. ఇట్లు ఒకచోటికి మరియొకచోటికి భేదము తెలిసినది గాని, ఏ లోతున ఏమున్నదో తెలియలేదు.

తెలియని దానిని తెలియకయే గెలుచుట

అసలు చిక్కు ఏమనగా, ఆకాశమునుండి వచ్చు ప్రేరణ ఎప్పుడెంత బలముగ వచ్చునో ఎవరికిని తెలియదు. నేడు బలముగ నుండును, రేపు చప్పబడును. నేలలో విద్యుత్తు హెచ్చుగ కనబడినచో, అది ఆకాశపు బలమా, భూమి గుణమా? త్రాసులో వేసిన వస్తువు బరువు తెలియదు, రాయి బరువును తెలియదు. ఇక తూచుటెట్లు?

దీనికి పరిష్కారము ఇంచుమించు ఒకే కాలమున మూడు దేశములలో దొరకినది. జపానులో రికిటాకె 1948 ప్రాంతమునను, రష్యాలో టిఖొనోవ్ 1950లోను, ఫ్రాన్సులో లూయి కాన్యార్ 1953లోను, ఒకరి పని నొకరు ఎరుగకయే, ఆ త్రోవలో నడచిరి. విద్యుత్ క్షేత్రమును మాత్రమే గాక, అదే చోట, అదే క్షణమున అయస్కాంతక్షేత్రపు మార్పును గూడ కొలువవలెను. ఆకాశపు ప్రేరణ రెండింతలైనచో రెండును రెండింతలగును. సగమైనచో రెండును సగమగును. కావున ఒకదానిని మరియొకదానిచే భాగించినచో ప్రేరణ బలము లెక్కనుండి తొలగిపోవును; మిగులునది భూమి గుణము. తెలియని రాశిని తెలిసికొనకయే కొట్టివేసిన ఈ ఉపాయమే మాగ్నెటోటెల్లూరిక్ పద్ధతికి ప్రాణము.

లోతు తెలియుట ఎట్లు? ఇంటి ముందు పెండ్లిమేళము వాయించుచుండగా తలుపులు మూసికొని లోపలి గదిలో కూర్చుండి చూడుడు. సన్నాయి పాట మందగించును గాని డోలు మోత గోడలు దాటి వచ్చును. త్వరగా కంపించు స్వరము గోడలో ఆగును. నెమ్మదిగా కంపించునది లోనికి వచ్చును. భూమిలో కూడ ఇంతే. వేగముగ మారు క్షేత్రము పైపొరలలోనే అణగిపోవును. మెల్లగ మారు క్షేత్రము లోతునకు దిగును. కావున వేరువేరు ఆవర్తనకాలములలో కొలిచినచో వేరువేరు లోతులను చూచినట్లగును.

కాన్యార్ ఇచ్చిన లెక్క మిక్కిలి తేలికయైనది. విద్యుత్ క్షేత్రమును కిలోమీటరునకు ఇన్ని మిల్లీవోల్టులనియు, అయస్కాంతపు మార్పును ఇన్ని నానోటెస్లాలనియు కొలిచి, మొదటిదానిని రెండవదానిచే భాగించి, వచ్చినదానిని వర్గముచేసి, ఆవర్తనకాలపు సెకనులచే గుణించి, అయిదవ వంతు తీసికొనవలెను. వచ్చునది భూమి యొక్క విశిష్ట నిరోధము, అనగా విద్యుత్తును అడ్డుకొను గుణము, ఓమ్-మీటర్లలో. ఉదాహరణకు విద్యుత్ క్షేత్రము 22 మిల్లీవోల్టులు, అయస్కాంతపు మార్పు 1 నానోటెస్లా, ఆవర్తనకాలము 1 సెకను అనుకొందము. 22 యొక్క వర్గము 484. అందు అయిదవ వంతు సుమారు 97 ఓమ్-మీటర్లు. అట్టి నేలలో ఆ క్షేత్రము దాదాపు 5 కిలోమీటర్ల లోతువరకు దిగును. ఆవర్తనకాలము 100 సెకనులైనచో దాదాపు 50 కిలోమీటర్లు. సెకనులో నూరవ వంతైనచో అర కిలోమీటరు మాత్రమే.

కాన్యార్ వ్యాసము అమెరికాలో వెలువడు భూభౌతికశాస్త్ర పత్రికలో వచ్చుటచేత త్వరలో ప్రపంచమంతట వ్యాపించినది. ఆక్షేపణలును వచ్చినవి. ఆకాశపు ప్రేరణ భూమిమీద అంతట ఒకే తీరున పడునని కాన్యార్ అనుకొనెను. ఎల్లచోట్ల అట్లుండదని జేమ్స్ వెయిట్ 1954లో హెచ్చరించెను. ఈ హెచ్చరిక మనకు ముఖ్యమైనది. అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతపు కొన మీదుగ పోవుచున్నది. దానికి పైన, 100 కిలోమీటర్లకు కొంచెము మించిన ఎత్తున, పగటివేళ ఒక సన్నని విద్యుత్ప్రవాహము సాగుచుండును. దానికి దగ్గరగ తీసిన కొలతలను, ముఖ్యముగ మెల్లగ మారు క్షేత్రముల కొలతలను, జాగ్రత్తతో చదువవలెను.

మెరుపుల సాయము

గనులకు కావలసినది చాలవరకు మొదటి కిలోమీటరు లోతులోని సంగతి. అందులకు సెకనునకు పదులు, వందలు, వేలసార్లు కంపించు క్షేత్రములు కావలెను. సూర్యుని వలన కలుగు మార్పులు ఇంత వేగము గలవి కావు. ఈ కొరతను తీర్చునవి మెరుపులు. ప్రపంచము మొత్తముమీద సెకనునకు దాదాపు 45 మెరుపులు మెరయుచున్నవని ఉపగ్రహముల లెక్క. ఒక్కొక్క మెరుపు ఒక్కొక్క రేడియో ప్రసారము వంటిది. దాని తరంగములు భూమికి, పైనున్న వాహకపు పొరకు నడుమ, రెండు గోడల నడుమ ధ్వనివలె, వేలమైళ్ళు పోవును. ఎక్కడో ఆఫ్రికాలో ఉరిమిన ఉరుము మన పొలములో రాగిని వెదకుటకు పనికివచ్చును!

కెనడాలో స్టాన్లీ వార్డు మొదలగువారు 1950–60 నడుమ ఈ మెరుపు క్షేత్రములను విమానమునుండి కొలుచు పద్ధతిని తయారుచేసిరి. 1959లో దానిని గూర్చి వ్రాసిరి. సమతలమైన నేలమీద ఈ అయస్కాంతక్షేత్రము అడ్డముగ నుండును. క్రింద నిలువుగ వాహకరాశి ఉన్నచో క్షేత్రము వంగును. ఆ వంపును తీగచుట్టలతో పసికట్టెదరు. కాని ఉరుముల కాలము కానప్పుడు సంకేతములు సన్నగిల్లుచుండెను. ఒకనాటి కొలతకు మరునాటి కొలతకు పొత్తు కుదురకుండెను. అందుచే ఈ పద్ధతి కొంతకాలము మూలబడినది. 2000 తరువాత, నేలమీద ఒక స్థిరకేంద్రముతో పోల్చుకొనుచు హెలికాప్టరునకు వ్రేలాడదీసిన తీగచుట్టతో కొలుచు కొత్తరూపమున అది మరల పనిలోనికి వచ్చినది.

నేలమీది కొలతలలో చొరబడు అలజడికి 1979లో అమెరికాలోని బర్కిలీ పరిశోధకులు గాంబుల్, గూబౌ, క్లార్క్ చక్కని మందు కనుగొనిరి. కొన్ని కిలోమీటర్ల దూరమున రెండవ పరికరమును ఉంచి రెండింటను ఒకేసారి కొలిచిరి. ఆకాశమునుండి వచ్చిన సంకేతము రెండుచోట్లను ఉండును. పక్కపొలములోని పంపుసెట్టు మోటారు వలన కలిగిన అలజడి ఒకచోటనే ఉండును. రెండింటికి సామాన్యమైనదానిని మాత్రమే గ్రహించినచో ప్రకృతి మాట మిగులును, మోటారు మాట పోవును.

కనబడునది ఖనిజము కాదు

ఇంతవరకు చదివిన పాఠకుడు, ఇక ఈ పరికరముతో బంగారమెక్కడున్నదో చూడవచ్చునని అనుకొనవచ్చును. అది సరికాదు. పరికరము చూపునది విద్యుత్తును పోనిచ్చు గుణమును మాత్రమే. రాగి, ఇనుముల సల్ఫైడులు రాశిగ ఉన్నచో విశిష్ట నిరోధము కొన్ని ఓమ్-మీటర్లకు లోబడును. చుట్టునున్న నల్లరాతికి అది వేలకొలది. కావున భేదము కొట్టవచ్చినట్లు కనబడును. కాని ఉప్పునీరు నిండిన రాయి, బంకమట్టి, గ్రాఫైటు కూడ విద్యుత్తును పోనిచ్చును. తూర్పుకనుమలలోని ఖోండలైటు రాళ్ళలో గ్రాఫైటు విరివిగ కలదు. అట్టిచోట రాగి వేషములో గ్రాఫైటు ఎదురగుట అరుదుకాదు. అందుకు విరుద్ధముగ యశదపు సల్ఫైడు విద్యుత్తును సరిగా పోనీయదు. అది ఒంటరిగ ఉన్నచో ఈ పద్ధతికి చిక్కదు. రాతిలో అణువంత అణువంతగ చెదరియున్న బంగారము సంగతి చెప్పనక్కరలేదు.

మరియొక లోపము గణితమునకు సంబంధించినది. నేలమీది కొలతలకు సరిపడు భూగర్భచిత్రములు ఒకటి కాదు, అనేకములు గీయవచ్చును. కొలతలో రవంత తప్పు దొర్లినచో చిత్రము పూర్తిగా మారిపోవును. ఇట్టి ప్రశ్నలకు నిలకడగల సమాధానము రాబట్టుటెట్లో 1943లోను, మరల 1963లోను చూపినవాడు ఈ పద్ధతికి మూలపురుషులలో ఒకడైన టిఖొనోవే. కొలతలకు సరిపడు చిత్రములలో అనవసరపు మెలికలు లేనిదానిని ఎన్నుకొనుమనుట అతని బోధ సారము. నేడు వైద్యశాలలలో శరీరపు లోపలి చిత్రములు తయారుచేయు లెక్కలలో సైతము ఇట్టి మార్గమునే అనుసరించుచున్నారు.

నేటి స్థితి

లోపములున్నను ఈ పద్ధతి విలువ తగ్గలేదు. దాని ప్రయోజనము మరియొక దిక్కునకు విస్తరించినది. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఒలింపిక్ డామ్ గొప్ప రాగి, బంగారు, యురేనియం నిక్షేపము. పైన 300 మీటర్లకు మించిన రాతికప్పు ఉండుటచే నేలమీద దాని జాడ లేదు. దానిని 1975లో కనుగొనుటకు తోడ్పడినవి గురుత్వ, అయస్కాంత కొలతలు. తరువాత 2006లోను, 2018లోను ప్రకటించిన మాగ్నెటోటెల్లూరిక్ పరిశోధనలు, ఆ నిక్షేపము క్రింద భూమి పైపెంకు అడుగునుండి పైకి పొడుచుకొని వచ్చిన వాహకపు దారులను చూపినవి. సుమారు 159 కోట్ల సంవత్సరముల క్రిందట ఖనిజమును మోసికొని వచ్చిన వేడి ద్రవములు నడచిన బాటలు అవియేయని పరిశోధకుల అభిప్రాయము. ఖనిజమునకు బదులు ఖనిజము వచ్చిన త్రోవను వెదకుట నేటి కొత్త ఆలోచన.

మన హైదరాబాదులో 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ వారు ఈ పద్ధతితో దేశమున పెక్కుచోట్ల కొలతలు తీసిరి. దక్కను పీఠభూమిని కప్పిన లావారాతి పొరల మందమెంతయో, వాని క్రింద అవక్షేపశిలలు కలవో లేవో తెలిసికొనుట అందులో ముఖ్యమైన పని. లావాపొర క్రిందికి ఇతర పద్ధతులు చూచుట కష్టమైనచోట ప్రకృతి విద్యుత్తు అక్కరకు వచ్చినది. ఆ సంస్థ ప్రాంగణములో 1964లో మొదలైన అయస్కాంత పరిశీలనాశాలకు కొలాబా గతియే పట్టినది: నగరము పెరిగి చుట్టుముట్టినది. అందుచే విజయవాడ రహదారిమీది చౌటుప్పల్ వద్ద మరియొక పరిశీలనాశాలను ఏర్పరచిరి. ట్రాములకు జడిసి ఆలీబాగునకు పోయిన నాటినుండి నేటివరకు ఈ శాస్త్రమునకు నిశ్శబ్దమే పెట్టుబడి.

ఫాక్స్ రాగిరేకులు గనిగోడకు అదిమిన నాటినుండి ఇంచుమించు రెండువందల ఏండ్లు కావచ్చినవి. ఈ కాలములో సూచికి బదులు కంప్యూటరు వచ్చినది. లెక్కలు వేయిరెట్లు పెరిగినవి. అయినను, నేర్పరియగు భూభౌతికశాస్త్రజ్ఞుడు గనియజమానికి ఇచ్చు జవాబు నేటికిని ఇంతే: “ఇచ్చట, ఇంత లోతున, విద్యుత్తును పోనిచ్చునది ఏదో కలదు, లోతు విషయమున ఇంతవరకు తప్పవచ్చును, అది రాగియో, గ్రాఫైటో, ఉప్పునీరో రంధ్రము వేసి చూడవలెను.” అంజనము వేయువాడు ఇట్లు చెప్పడు, చెప్పినచో అతనికి గిరాకి ఉండదు. కాని వందచోట్ల వేయవలసిన రంధ్రములను పదిచోట్లకు తగ్గించి, వట్టిపోయిన రంధ్రమును సైతము లెక్కలో వ్రాసికొని, మరుసటిచోట తన చూపును దిద్దుకొనగలవాడు ఇట్లు చెప్పినవాడే.